మా బావకు బీపీ చూడమని అడిగాను

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ సభ ఎక్కడ జరిగినా నన్ను పిలుస్తారు. ముందు వరుసలో కూర్చోబెడతారు, శాలువా కప్పుతారు, మైకు ఇస్తారు. ఏజెంటు చేసిన మోసం గురించి చెబితే వింటారు. ఎండ గురించి చెబితే వింటారు. యుద్ధంలో మా తలల మీదుగా పోయిన క్షిపణుల గురించి చెబితే పిల్లల నోళ్ళు మూయించి మరీ వింటారు. రక్తనాళాల గురించి మొదలుపెట్టగానే వెనక నుంచి ఎవరో ఒకరు నా చొక్కా లాగుతారు. పోయినసారి ఒకాయన నా చేతిలోంచి మైకు తీసుకుని, "పెద్దాయన ఆరోగ్యం గురించి మంచి మాటలు చెప్పారు, ఇక భోజనాలకు లేవండి" అన్నాడు. ఆ భోజనంలో ఏం పెట్టారో కూడా నాకు గుర్తుంది. బగారా అన్నం, మటన్, దాని మీద వేలెడు మందాన తేలుతున్న నూనె. నేను తినకుండా వచ్చేశాను. ఎందుకు తినలేదని ఒక్కరూ అడగలేదు.

కంపెనీకి రాశాను. రాయబార కార్యాలయానికి రాశాను. మా జిల్లా పత్రికకు రాశాను. పత్రికవాళ్ళు నా ఉత్తరంలోంచి యుద్ధం గురించిన నాలుగు వాక్యాలు ఏరుకుని, తక్కినదంతా తీసేసి, పైన ఒక యుద్ధ ట్యాంకు బొమ్మ వేశారు. నేను ఏ ట్యాంకు గురించీ రాయలేదు. అందుకే ఇప్పుడు పుస్తకంగా రాస్తున్నాను. పుస్తకంలో చొక్కా లాగేవాడు ఉండడు.

నేను చెప్పేదాంట్లో దాపరికం ఏమీ లేదు. మా బావ గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు గట్టిపడి, ఇరుకైపోయి, చివరికి ఒకటి మూసుకుపోయి చనిపోయాడు. చనిపోకముందు అతని బీపీ చూడమని మా కంపెనీ డాక్టరును నేను అడిగాను. ఆయన చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తెలియాలి.

మాది జగిత్యాల వైపు. బావ అంటే మా అక్క భర్త. ముందు అతను సౌదీ వెళ్ళాడు, తరువాత నాకు వీసా పంపించాడు. ఇద్దరం అల్ ఖర్జ్‌లో ఒక పాల కంపెనీలో పనిచేశాం. రియాద్‌కు దక్షిణాన ఇసుక మధ్యలో ఆవుల షెడ్లు, పక్కనే ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వెనక మా క్యాంపు. బావది పాలు నిలవ చేసే పెద్ద ట్యాంకుల దగ్గర పని. రోజుకు ఎన్నోసార్లు ఇనుప మెట్లెక్కి ట్యాంకు మూత దగ్గరికి వెళ్ళాలి. నాది పాల గొట్టాలు కడిగే పని. వేడి పాలు పారిన గొట్టంలో లోపలి గోడకు తెల్లగా గార పడుతుంది. దాన్ని అట్లాగే వదిలేస్తే దారి సన్నబడుతుంది, పాలు పాడవుతాయి. అందుకని ఉత్పత్తి ఆగిన ప్రతిసారీ ముందు వేడినీళ్ళు, తరువాత సోడా, తరువాత యాసిడ్, మళ్ళీ నీళ్ళు పంపించి కడుగుతాం. ఆ పని మాకు నిద్రలో లేపి చేయమన్నా వచ్చు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

గల్ఫ్ యుద్ధం మొదలైనప్పుడు క్యాంపు కిటికీలకు ప్లాస్టిక్ కాగితం వేసి చుట్టూ టేపు అంటించుకోమన్నారు. విషవాయువు వస్తుందన్నారు. సైరన్ మోగితే గదిలో దూరి తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కేవాళ్ళం. మూసిన గదిలో భయానికి అందరూ సిగరెట్లు కాల్చేవాళ్ళు. విషవాయువు బయటనుంచి రావలసిన పని లేదు, లోపల మేమే తయారుచేసుకున్నాం. ఈ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను. అప్పుడు మాకు చెప్పినవాడెవడు?

రియాద్‌లో చాలామంది ఊరు వదిలిపోయారు. దుకాణాలు సగం మూతపడ్డాయి. సరుకు తీసుకుపోయిన బండ్లు క్రీము డబ్బాలతో, వెన్న పెట్టెలతో అట్లాగే వెనక్కి వచ్చేవి. గడువు దగ్గరపడిన సరుకు పారబోయాలి. పారబోసే పని కూడా మాదే. ఒకరోజు బావ ఒక వెన్న పెట్టె క్యాంపు వంటగదికి మోసుకొచ్చి, పెద్ద గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. నెయ్యి కాగిన వాసన క్యాంపు అంతా కొట్టింది. నిజామాబాద్ వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, ఎక్కడెక్కడి మనవాళ్ళో పళ్ళేలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"అన్నా, ఇది ఇంటికాడ దసరాకు గూడ ఇంత పొయ్యలే!" అన్నాడు ఒకడు.

"పట్టుర పళ్ళెం. అడిగినోనికి అడిగినంత," అన్నాడు బావ గరిటె పైకెత్తి. "బర్లను నేను గాసిన, పాలు నేను పిండిన, నెయ్యి దొర తిన్నడు. నాకు చల్ల బోసిన్రు. గా చల్ల గూడ నీళ్ళ చల్ల. ఇప్పుడు నేను దొర. తినుండ్రి!"

చిన్నప్పుడు బావ తన ఊళ్ళో ఒక పెద్ద ఇంట్లో జీతానికి ఉన్నాడు. అతనికి నెయ్యి అంటే నాలుక రుచి కాదు. ఆ గరిటె చేతిలో పట్టుకున్నప్పుడు అతని ముఖం నేను చూశాను. అందుకే తరువాత ఏమైనా సరే, నెయ్యి తిన్నాడు కాబట్టి పోయాడని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నంలో నెయ్యి, పప్పులో నెయ్యి, ఖుబూస్ రొట్టె మీద నెయ్యి, దాని మీద చక్కెర. యుద్ధం ముగిసినా ఆ అలవాటు పోలేదు. బండ్లలో వెనక్కొచ్చే సరుకు ఎప్పుడూ కొంత ఉండేది. సెలవుకు ఊరికి పోయేవాళ్ళు పాలపొడి డబ్బాల నిండా నెయ్యి నింపుకుని పోయేవాళ్ళు. నేనూ తిన్నాను. ఎందుకు తినను? ఏటేటా అకామా కోసం, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు కోసం, మెడికల్ చేయించేవాళ్ళు. రక్తం తీసేవాళ్ళు, ఛాతీ ఫోటో తీసేవాళ్ళు, ఫిట్ అనేవాళ్ళు. అది అంటురోగాల కోసం చేసే పరీక్ష. మా నుంచి వాళ్ళకు ఏమీ అంటుకోకూడదని చేసే పరీక్ష. మాకు లోపల ఏమవుతోందో చూసేది కాదు. ఆ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. ఫిట్ అంటే నిండా బాగున్నట్టే అనుకున్నాం. బావ కూడా ప్రతిసారీ ఫిట్టే.

సైరన్ల రోజుల్లోనే బావ మొదటిసారి రొమ్ము పట్టుకున్నాడు. సైరన్ మోగితే ట్యాంకు మీదినుంచి గబగబా దిగి గదికి పరుగెత్తుకుంటూ వచ్చి, గోడకు ఆనుకుని, అరచెయ్యి రొమ్ము మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అన్నా, గా మిసైల్ నీ అడ్రస్ అడుక్కుంట వస్తున్నదే!" అని గదిలోవాళ్ళు నవ్వారు.

"నవ్వుండ్రి బిడ్డా. బండ పెట్టినట్టున్నది ఈడ," అన్నాడు బావ.

కాసేపటికి తగ్గింది. భయం అన్నారు. నేనూ భయమే అనుకున్నాను. యుద్ధం అయిపోయింది, కిటికీల టేపు పీకేశాం, ప్లాస్టిక్ కాగితాలు చెత్తలో వేశాం. బావ చెయ్యి మాత్రం మెట్లెక్కినప్పుడల్లా రొమ్ము మీదికి పోతూనే ఉండేది. "భయం లోపట కూసున్నదిరా బామ్మర్ది, లేస్తలేదు," అనేవాడు. ఏ క్షిపణీ లేకుండా భయం మెట్ల మీదే ఎందుకొస్తుందని అడగడానికి మాకు చదువు లేదు. చదువుకున్న డాక్టరు ఒకాయన క్యాంపు గేటు పక్కనే కంపెనీ క్లినిక్‌లో కూర్చుని ఉండేవాడు, ఆయన అడగలేదు.

కొన్నేళ్ళకు నా కాలు మొదలైంది. క్యాంపు నుంచి ఫ్యాక్టరీకి నడుస్తుంటే సగం దారిలో కుడి పిక్క బిగుసుకుపోయేది. ఎవరో గుప్పిట్లో పెట్టి పిండినట్టు ఉండేది. నిలబడితే తగ్గేది. మళ్ళీ నడిస్తే మళ్ళీ అంతే. ఊరికే నిలబడితే నవ్వుతారని నిలబడిన ప్రతిచోటా ఒక సిగరెట్ వెలిగించేవాణ్ణి. చూసేవాళ్ళకు సిగరెట్ కోసం ఆగినట్టు ఉండేది. కాలును చంపుతున్నది ఆ సిగరెట్టేనని తరువాత తెలిసింది. ఫోర్‌మన్ మలయాళీ. "నీ కాలుకు కూడా చాయ్ బ్రేక్ కావాలా?" అని హిందీలో అందరి ముందు అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను.

కంపెనీ క్లినిక్ డాక్టరు మన తెలుగాయనే, కోస్తా వైపు ఆయన. మన భాషలో చెప్పుకోవచ్చని సంతోషంగా వెళ్ళాను. ఆయన నా ముఖం చూశాడు, కాలు చూడలేదు.

"ఏమయ్యా, నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుతుందా? అయితే ఆగు," అన్నాడు నవ్వి. "మజిల్ పెయిన్ అంతే. ఏసీ గాలి తగలకుండా పడుకో. ఆయింట్‌మెంట్ రాసుకో."

"సార్, రెండు కాళ్ళకు ఒక్కటే ఏసీ గద. ఒక్క కాలుకే ఎందుకైతది?"

"నువ్వు డాక్టరువా, నేను డాక్టరునా?"

ఆ ఆయింట్‌మెంట్ సీసాలు ఎన్ని రాశానో లెక్క లేదు. నా గది అంతా ఆ వాసనే. మళ్ళీ వెళ్ళినప్పుడు, "డ్యూటీ తప్పించుకునేవాళ్ళు నాకు తెలుసులే" అన్నాడు. నేను ఆ కంపెనీలో ఒక్కరోజు కూడా డ్యూటీ తప్పించుకోలేదు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

శుక్రవారం కంపెనీ బస్సు రియాద్‌కు తీసుకెళ్ళేది. ఒక శుక్రవారం అక్కడ మలాజ్ అనే పేటలో దుకాణాల మధ్య నడుస్తూ నొప్పికి నిలబడిపోయాను. ఎదురుగా మెట్లు, పైన ఒక పాలీక్లినిక్ బోర్డు. ఎక్కాను. లోపల ఒక సూడానీ డాక్టరు ఉన్నాడు, వయసు మళ్ళినవాడు. పనిలో నేర్చుకున్న నా అరబ్బీలో చెప్పాను. ఆయన బూటు విప్పమన్నాడు. సాక్సు విప్పమన్నాడు. నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, పాదం పైభాగంలో రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు దించి చాలాసేపు కూర్చున్నాడు. తరువాత ఎడమ పాదం. మళ్ళీ కుడి పాదం. పాదంలో కూడా నాడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎడమవైపు కొట్టుకుంటోంది. కుడివైపు ఆయన వేళ్ళకు దొరకలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. రక్తం తీసుకుపోయే నాళం రబ్బరులా సాగుతూ ముడుచుకుంటూ ఉండాలి. పొగ, బీపీ, చక్కెర దాని లోపలి పొరను గాయపరుస్తాయి. రక్తంలో కొవ్వు ఎక్కువైతే ఆ గాయంలోంచి గోడలోకి దూరుతుంది. ఏళ్ళ తరబడి అక్కడే పేరుకుని, సున్నం చేరి, గట్టిపడుతుంది. మొదలైనప్పుడు ఏ నొప్పీ ఉండదు. దారి బాగా ఇరుకయ్యాకే తెలుస్తుంది. కూర్చున్నప్పుడు కండకు కొంచెం రక్తం చాలు. నడిచినప్పుడు ఎక్కువ కావాలి, ఇరుకు దారిలో అంత రాదు, కండ అరుస్తుంది. అందుకే ఆగితే తగ్గుతుంది.

నాకు వెంటనే నా పనే గుర్తొచ్చింది. "గొట్టంలో గార పడ్డట్టే కదా. మేము యాసిడ్ పంపించి కడుగుతాం. దీనికి అట్లాంటి మందు లేదా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. నా కాలు ముట్టుకున్న మొదటి మనిషి కాబట్టి ఆ నవ్వును క్షమించాను. "గార గోడ మీద ఉంటే కడగవచ్చు. ఇది గోడ లోపల ఉంది. ఇంటి గోడలో చెమ్మ చేరి సున్నం ఉబ్బితే పైన నీళ్ళు పోసి కడుగుతావా?" అన్నాడు. "ఉన్నది ఇంకా పెరగకుండా చూసుకోవాలి. సిగరెట్ ఈ రోజే ఆపు, రేపు కాదు. నెయ్యి, మాంసం కొవ్వు తగ్గించు. పప్పు, కూరగాయలు తిను. ఉప్పు తగ్గించు. నొప్పి వచ్చేదాకా నడువు, ఆగు, మళ్ళీ నడువు. నడిచేకొద్దీ చిన్న చిన్న నాళాలు పక్కదారి తెరుస్తాయి. మాత్రలు మానొద్దు." మాత్రలు రాసిచ్చి, చివరగా ఒక ప్రశ్న అడిగాడు. "కాలిలో ఉన్నది కాలిలోనే ఉండదు, గుండెలోనూ మెదడులోనూ ఉండవచ్చు. నీతో కలిసి తినేవాళ్ళలో మెట్లెక్కితే రొమ్ము పట్టుకునేవాడు ఎవడైనా ఉన్నాడా?"

ఉన్నాడన్నాను. "గోడ లోపల ఉబ్బినది పగిలితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. ఈ వారమే అతని బీపీ, చక్కెర, గుండె పరీక్ష చేయించండి," అన్నాడు.

క్యాంపుకు వచ్చి భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. గోడ లోపలి కొవ్వు, ఇరుకు దారి, అంతా చెప్పాను. వాళ్ళు విన్నారు, నేను చెప్పనిది విన్నారు. గొట్టాలు కడిగే మా విభాగంవాడు ఒకడు లేచి, "గింతేనా? మనం దినాం కడిగేదే గద. సిర్కా తాగితే పాయె," అన్నాడు. సిర్కా అంటే వెనిగర్. మరునాటి నుంచి క్యాంపులో కొత్త ఆచారం పుట్టింది. పొద్దున లేవగానే గ్లాసు వేడినీళ్ళు, తరువాత నిమ్మకాయ పిండిన వెనిగర్ నీళ్ళు, మళ్ళీ వేడినీళ్ళు. అచ్చం మేము గొట్టాలు కడిగే వరుసలోనే! పాలవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చేయని పొరపాటు అది. మూతులు వంకర చేసుకుంటూ తాగేవాళ్ళు. అందరికంటే ముందు బావ తాగేవాడు.

"బావా, గట్ల కడుక్కపోదే. గోడ లోపట ఉంటదన్నడు డాక్టరు. సిర్కా కడుపులకు పోతది, నరంలకు పోదు," అన్నాను.

"నువ్వు డాక్టర్ కాడికి పోయొచ్చినవో లేదో, పంతులువైనవ్," అన్నాడు బావ, ఖుబూస్ మీద నెయ్యి వంపుకుంటూ. "పొద్దుగాల కడుగుడైంది. ఇగ ప్రొడక్షన్ షురూ!"

గదంతా నవ్వింది. ఆ నవ్వుకు నేను ఓడిపోయాను.

మలాజ్‌కు రమ్మంటే రానన్నాడు. అతని వారపు సెలవు శుక్రవారం కాదు, బస్సు శుక్రవారమే ఉండేది. అసలు కారణం అది కూడా కాదు. "బయట ఏదన్న బయటపడితే అన్‌ఫిట్ అంటరు. పాస్‌పోర్ట్ మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు. మీ అక్కకు ఏం చెప్పాలె?" అన్నాడు. ఆ భయం క్యాంపులో అందరికీ ఉండేది. రోగం కంటే రోగం ఉందని తెలియడం ఎక్కువ ప్రమాదం అన్నట్టు బతికాం. కనీసం కంపెనీ క్లినిక్‌లో బీపీ చూపిద్దామంటే, "అడుగుపో, ఆయన సూస్తనంటే వస్త" అన్నాడు.

మొదట నేనొక్కణ్ణే వెళ్ళి అడిగాను. బయటి డాక్టరు దగ్గరికి పోయానని తెలియగానే మన తెలుగాయన ముఖం మారిపోయింది. "అక్కడికి వెళ్ళినవాడివి అక్కడే ట్రీట్‌మెంట్ తీసుకో. నా దగ్గరికెందుకొచ్చావ్?" అన్నాడు.

"నా కోసం గాదు సార్. మా బావది జెర బీపీ చూడుండ్రి."

"అతను మెడికల్ ఫిట్ కదా. ఫిట్ అయినవాడికి బీపీ ఎందుకు?"

మరో రోజు బావను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. పగటిపూట. లైనులో ఎవరూ లేరు. డాక్టరు టీ తాగుతున్నాడు. బీపీ మిషను ఆయన మోచేతి దగ్గరే, టేబుల్ మీద, మూత తెరిచి ఉంది. బావ చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచి పెట్టుకున్నాడు.

"సార్, మెట్లెక్కితే రొమ్ముల బండ పెట్టినట్టైతదట. ఒక్కసారి చూడుండ్రి," అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు డాక్టరు.

"గా యుద్ధమప్పటి సంది సార్," అన్నాడు బావ.

డాక్టరు నవ్వాడు. "ఇన్నేళ్ళ నుంచి ఉంటే అది గుండె కాదయ్యా, గ్యాస్. హార్ట్ అయితే ఈపాటికి పోయుండేవాడివి." నా వైపు తిరిగి, "నువ్వు క్యాంపులో అందరినీ భయపెడుతున్నావని కంప్లయింట్ వచ్చింది. వెనిగర్ తాగిస్తున్నావంట!" అన్నాడు.

వెనిగర్ వద్దని మొత్తుకున్నది నేను. తాగిస్తున్నానన్న పేరు నాకు. నేను గొంతు పెంచాను. బావ మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "సార్‌ను యాష్టపెట్టకురా, పా," అని నా భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. బయటికొచ్చాక, "గ్యాసే అన్నడు గద, మంచిదే గద" అన్నాడు. అతని ముఖం తేలికపడింది. ఆ తేలిక చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

తరువాత ఎన్నో రోజులు గడవలేదు. మధ్యాహ్నం డ్యూటీలో బావ ట్యాంకు మెట్ల మీద సగం దాకా ఎక్కి కూర్చుండిపోయాడు. కింద ఉన్నవాళ్ళు పిలిస్తే గ్యాస్ అని చేత్తో సైగ చేశాడట. చొక్కా చెమటతో తడిసిపోయింది. దింపి క్లినిక్‌కు తీసుకెళ్ళారు. నాకు కబురొచ్చి కాలీడ్చుకుంటూ పోయేసరికి అతనికి గ్లాసులో గ్యాస్ మందు కలిపి తాగించి బల్ల మీద కూర్చోబెట్టారు. బావ నన్ను చూసి ఏదో అనబోయి పక్కకు ఒరిగాడు. అప్పుడు, అప్పుడు చుట్టారు అతని చేతికి బీపీ పట్టీ. అంబులెన్సు ఆసుపత్రి చేరకముందే పోయాడు. గుండెపోటు, సహజ మరణం అన్నారు. సహజమట!

నేను క్లినిక్ గుమ్మంలో నిలబడి అరిచాను. సెక్యూరిటీవాళ్ళు పక్కకు లాగేశారు. శవంతో పాటు నన్ను సెలవు మీద పంపారు. పెద్ద దయ చేసినట్టు మేనేజరు భుజం తట్టాడు.

ఇంటి దగ్గర మా అక్క ఏడవలేదు. అందరూ వెళ్ళిపోయాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది.

"నీ కాలు సూపెట్టుకున్నవ్. ఆయన రొమ్ము సూపెట్టకపోతివా?"

"సూపెట్టిన అక్కా. డాక్టర్ సూడలే."

"డాక్టర్ సూడకపోవుడేందిరా? రోగి ఎదురుంగ ఉంటే డాక్టర్ సూడకుంట ఉంటడా? అబద్దం గూడ సక్కగ ఆడరాదు నీకు."

ఆమె నన్ను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు. ఆమె నాతో మాట్లాడుతుంది, పండగకు పిలుస్తుంది, నా ముందు పళ్ళెం పెడుతుంది. కానీ నన్ను చూసినప్పుడల్లా నా కాలు వైపు ఒకసారి చూస్తుంది. నాకు ఆ చూపు చాలు.

నేను బతికి ఉన్నాను. మలాజ్ నుంచి వచ్చిన రోజే సిగరెట్ మానేశాను. నొప్పిదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడిచాను. మొదట్లో క్యాంపు గేటు దాకా కూడా పోలేకపోయినవాణ్ణి, ఇప్పుడు మా ఊరి నుంచి బస్‌స్టాండు దాకా ఆగకుండా పోతాను. మాత్రలు రోజూ మింగుతాను, బాగుంది కదా అని మానలేదు. సెలవుకొచ్చిన గల్ఫ్‌వాళ్ళు కనిపిస్తే ఆపి, బీపీ చూపించుకున్నారా, చక్కెర చూపించుకున్నారా, మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్ళు ఉన్నారా అని అడుగుతాను. మెడికల్ ఫిట్ అని చెబితే అది ఎందుకు చాలదో చెబుతాను. నన్ను చూసి బీపీ పంతులు వస్తున్నాడని సందు మారిపోతారు. మారనీ. మెట్లెక్కితే రొమ్ము బరువెక్కి, కూర్చుంటే తగ్గితే అది గ్యాస్ అని మీరే తేల్చుకోకండి. వెల్లుల్లి, వెనిగర్, నిమ్మకాయ ఏవీ నాళాలను కడగవు. ఇంతకుమించి నాకు తెలియదు. ఇంతమాత్రం ఆ క్యాంపులో ఒక్క సాయంత్రం, ఒక్క చదువుకున్న మనిషి, మన భాషలో చెప్పి ఉంటే చాలు.

ఆ డాక్టరు ఇప్పుడు హైదరాబాద్‌లో ఆసుపత్రి పెట్టుకున్నాడు. గోడ మీద ఎర్రటి గుండె బొమ్మ, కింద గుండెను కాపాడుకోండి అన్న రాత. వెళ్ళాను. మాట్లాడాలంటే పేషెంటుగా రావాలన్నారు. సరే, పేషెంటునే అన్నాను. లోపలికి పంపకముందు ఒక నర్సు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నేను ఏమీ అడగకముందే నా చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. వదిలింది. "అందరికీ చూస్తాం తాతగారూ, ఇక్కడ రూల్" అంది. టీ చల్లారేలోపు అయిపోయే పని అది.

లోపల ఆయన జుట్టు తెల్లబడింది. అల్ ఖర్జ్ అన్నాను, పాల కంపెనీ అన్నాను, మా బావ అన్నాను.

"క్యాంపులో చాలామంది వచ్చేవాళ్ళండీ. ఎవరని గుర్తుంటారు?" అన్నాడు. ఇప్పుడు నన్ను అండీ అన్నాడు. "బీపీ కాస్త ఎక్కువుంది మీకు, టెన్షన్ పడకండి." తరువాతి పేషెంటు కోసం గంట కొట్టాడు.

డాక్టరు గారూ, ఈ పుస్తకం మీ ఆసుపత్రికి నేనే తెచ్చి ఇస్తాను. మీకు గుర్తు లేకపోతే గుర్తు చేస్తాను. బావ నీలం రంగు యూనిఫాం వేసుకున్నాడు, ఎడమ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి మీ ముందు నిలబడ్డాడు. మిషను మీ చేతికి అందేంత దూరంలో ఉంది. లైనులో ఎవరూ లేరు. మీరు అలసిపోయారా? మేము మురికిగా ఉన్నామా? నా మీద కోపమా? కూలివాళ్ళకు గుండె ఉండదనుకున్నారా? ఏదైనా సరే, నిజమైతే చాలు. క్షమాపణ నేను అడగడం లేదు. కారణం అడుగుతున్నాను. మా అక్క ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఒక ఆదివారం రండి. రావడానికి వీలు కాకపోతే ఫోను చేయండి, ఆమె చెవి దగ్గర నేను పట్టుకుంటాను. ఆయనను నా తమ్ముడు మీ దగ్గరికి తీసుకొచ్చాడా అని ఆమె అడుగుతుంది. తీసుకొచ్చాడని మీ నోటితో చెప్పండి. ఆ తరువాత, ఎందుకు చూడలేదో చెప్పండి.